రెండు పెన్సిల్ గీతలు

భర్త పోయినందుకు తనకు రావలసిన పింఛను నాలుగు నెలల కిందటే తన సంతకంతోనే మంజూరైందనీ, మూడు నెలల సొమ్ము ఎవరో తీసేసుకున్నారనీ కార్మికుల నిధి ఆఫీసు మూడో నంబరు కౌంటరు దగ్గర లెన్సమ్మకు తెలిసింది.

"ఇంకోసారి చూడండి మేడమ్. నేను ఈ గుమ్మం తొక్కడమే ఇవాళ మొదటిసారి."

కౌంటరు వెనక మేడమ్ ముక్కు మీద నుంచి జారుతున్న కళ్ళజోడును వేలితో పైకి తోసి, ఫైలు ఇటువైపు తిప్పింది.

"పేరు మీదే. పుట్టిన తేదీ మీదే. ఇల్లు మీదే. ఇదిగో సంతకం. ఇదీ మీది కాదంటారా?"

లెన్సమ్మ వంగి చూసింది. మొదటి అక్షరం పొట్ట లావుగా, చివరి అక్షరం తోక కిందికి లాగి పైకి విసిరినట్టు. అచ్చం తన సంతకమే. తను పెట్టలేదు, అంతే తేడా.

"ఎవరు తెచ్చిచ్చారు?"

"ఎవరూ తెచ్చివ్వలేదు. అదిగో ఆ దరఖాస్తుల పెట్టెలో వేసి వెళ్ళారు. సగం మంది అలాగే వేస్తారు. పోస్టుమాన్ నెలనెలా ఇంటికే తెచ్చిస్తున్నాడు. పోయినవారి కుటుంబానికి ఒకసారి ఇచ్చే సాయం కూడా మొదటి నెలలోనే వెళ్ళిపోయింది. అది కాస్త పెద్ద మొత్తమే."

లెన్సమ్మ అసలు పేరు అది కాదు. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం ఆమె పని. ఊడిన బొత్తాం దగ్గర్నుంచి అబద్ధం చెప్పేటప్పుడు కదిలే కనుబొమ్మ దాకా దేన్నీ వదలదని మొగుడు పెట్టిన పేరది. అతను లిఫ్టు మెకానిక్కు. ఊళ్ళో సగం మందిని పైకీ కిందికీ తిప్పినవాడు. ఆరు నెలల కిందట ఓ మధ్యాహ్నం అన్నం తిని, చెయ్యి కడుక్కోబోతూ గుండె పట్టుకుని కూలిపోయాడు. పేరు పెట్టినవాడు పోయాడు. పేరు మాత్రం వీధి వీధంతటికీ మిగిలింది.

అతని జీతంలోంచి నెలనెలా కొంత కార్మికుల నిధికి కట్టేవారు. మనిషి పోతే భార్యకు పింఛను వస్తుంది. ఆరు నెలల్లోగా దరఖాస్తు పెట్టుకోవాలి. ఇవన్నీ ఆమెకు తెలుసు. ఇంట్లోనే ఉండే మామయ్య, మొగుడి తండ్రి, మూడుసార్లు ఫారం తెచ్చి ముందు పెట్టాడు. మూడుసార్లూ ఆమె పెన్ను మొదటి గడి దగ్గరే ఆగిపోయింది. 'మరణించినవారి పేరు' అని ఉంది అక్కడ. మొదటిసారి పెన్నులో సిరా అయిపోయిందంది. రెండోసారి పాలు పొంగిపోతున్నాయని లేచి వెళ్ళింది. పొయ్యి మీద పాలే లేవు. మూడోసారి ఫారాన్ని పరుపు కిందికి తోసేసి, దాని మీదే పడుకుంది.

గడువు రేపటితో సరి. మామయ్య ఈ వయసులో తెచ్చే కూలిని ఎల్లకాలం నమ్ముకోలేదు. తన జీతం ఒక్కటే అయితే ఇంటి అద్దె కట్టాక కూతురు చిట్టి బడి ఫీజుకు చిల్లిగవ్వ మిగలదు. అందుకే ఇవాళ పళ్ళ బిగువున బయలుదేరి వచ్చింది. వస్తే ఇదీ సంగతి.

"ఇది నా సంతకం కాదని రాసిస్తే?"

మేడమ్ గొంతు తగ్గించింది. "ఫైలు విచారణకు పోతుంది. తేలేదాకా మీకేం రాదు. ఏడాది పట్టొచ్చు, రెండేళ్ళు పట్టొచ్చు. సంతకం పెట్టినవాడు దొరికితే జైలు."

"పోనీ నాదేనని చెబితే?"

"మీదేనా?"

"కాదు."

"మరి నాతో అబద్ధం రాయించకండి, మీకు పుణ్యముంటుంది. ఇంకో దారుంది. పెట్టింది ఇంటి మనిషై, మీ మేలు కోరి పెట్టాడని తేలితే, సొమ్ము మీ ఇంటికే చేరితే, ఆ మనిషి వాంగ్మూలం తీసుకుని ఫైలు సరిదిద్దొచ్చు. గడువులోగా జరగాలి. అంటే రేపు సాయంత్రం అయిదు. బయటివాడైతే మాత్రం నా చేతుల్లో లేదు."

ఫైలు నంబరూ, తేదీ, నెలకు ఎంత వెళ్తోందో చీటీ మీద రాసి అందించింది. లెన్సమ్మ చూడకుండానే సంచిలో పడేసింది. ఆమె చూపంతా సంతకం మీదే ఉంది. సంచిలోంచి దుకాణంలో వాడే భూతద్దం తీసి కంటికి ఆనించుకుంది.

సంతకం పైన ఒకటి, కింద ఒకటి, వెంట్రుకంత సన్నటి గీతలు. పెన్సిల్‌తో గీసి రబ్బరుతో చెరిపినవి. రబ్బరు రాసిన చోట కాగితం నూగు లేచి ఉంది.

"సంతకానికి గీతలు కొట్టుకునేవాడు ఎవడండీ లోకంలో?" అంది మేడమ్, తనూ వంగి చూసి. ఆ వంగడంలో కళ్ళజోడు జారి ఫైలు మీద పడింది.

"ఇలా ఇవ్వండి." లెన్సమ్మ దాన్ని అందుకుని, ముక్కుకు ఆనే తీగను గోటితో కాస్త లోపలికి నొక్కి తిరిగిచ్చింది. "ఎడమది వంగింది. ఎన్నాళ్ళనుంచి తంటాలు పడుతున్నారు?"

"రెండేళ్ళనుంచి," అంది మేడమ్. కళ్ళజోడు ఈసారి జారలేదు. "రేపు అయిదింటి దాకా ఇక్కడే ఉంటాను. రండి."

*

బయటికి రాగానే లెన్సమ్మకు తట్టిన మొదటి ముఖం మరిదిది.

అన్న పోయిన నెలకే వచ్చి, పనుందంటూ అన్న కంపెనీ గుర్తింపు కార్డు పట్టుకెళ్ళాడు. మళ్ళీ ఇవ్వలేదు. సరిగ్గా మూడు నెలల కిందట కొత్త బండి కొన్నాడు. లెక్క కుదిరింది. కుదిరినకొద్దీ ఆమె అడుగులు వేగమయ్యాయి.

మరిది పరుపుల దుకాణంలో పనిచేస్తాడు. వదినను చూడగానే ఓ పరుపు మీది ప్లాస్టిక్ కవరు దులిపాడు.

"రా వదినా, కూర్చో. కాదు కాదు, పడుకో. కూర్చుంటే దీని గొప్పతనం తెలీదు."

"బండెక్కడిది?"

"ఏ బండి?"

"బయట ఎర్రగా మెరుస్తోందే, అది."

"వాయిదాల మీద తీసుకున్నా. ఏం, బాలేదా?"

ఆమె సంగతంతా గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. మరిది నోరు తెరుచుకుని అదే పరుపు మీద కూలబడ్డాడు.

"వదినా! నేను దొంగ సంతకమా? నా సంతకమే నాకు రెండుసార్లు ఒకేలా రాదు. మొన్న బ్యాంకులో నా చెక్కు నేనే ఫోర్జరీ చేశానన్నారు!"

"మరి మీ అన్నయ్య కార్డు?"

అతను తల దించుకున్నాడు. చొక్కా జేబులోంచి పర్సు తీశాడు. కార్డు అందులోనే ఉంది. అంచులు నలిగి, ఫోటో మీది ప్లాస్టిక్ వేలు రాపిడికి మసకబారి ఉంది.

"ఇచ్చేద్దామనే అనుకుంటున్నా. అందులో నవ్వుతున్నాడు కదా, అందుకని..." పర్సు ముందుకు చాపాడు. "తీసుకో."

లెన్సమ్మ కార్డు చూసింది. పర్సు మూసి అతని జేబులోనే పెట్టింది. "ఉంచుకో. అంచులకు టేపు వేయించు."

"ఎవడో చెప్పు వదినా, వాణ్ణి బండితో గుద్దేస్తా."

"ముందు వాయిదాలు తీరనియ్యి. తర్వాత గుద్దుదువుగాని."

నవ్వు రానే వచ్చింది. దాని వెనకే భయమూ వచ్చింది. మరిది కాకపోతే ఎవరు? తన సంతకం అంత బాగా తెలిసినవాళ్ళు ఎవరున్నారు?

*

ఇంటికి చేరేసరికి మామయ్య వరండాలో చాప మీద కూర్చుని చిట్టి నోటుపుస్తకాలకు పేర్లు రాస్తున్నాడు.

మామయ్యకు డెబ్బై రెండు. యాభై ఏళ్ళు బోర్డులు రాశాడు. మందుల షాపు, టైర్ల షాపు, దంతవైద్యుడు, వకీలు, ఈ చుట్టుపక్కల ఆయన చేతిరాత కింద బతకని వ్యాపారం లేదు. చెయ్యి వణకడం మొదలయ్యాక ఏడేళ్ళ కిందట కుంచెలు కడిగి అటక మీద పెట్టేశాడు. అలాంటిది నాలుగు నెలల కిందట మళ్ళీ దించాడు. మిషను మీద అచ్చేసే బోర్డులతో జనానికి మొహం మొత్తిందట, చేతిరాత కావాలంటున్నారట. రోజూ పొద్దున్నే రంగుల పెట్టె పట్టుకుని వెళ్తాడు. వేళ్ళకు రంగుతో మధ్యాహ్నానికి వస్తాడు. నెల తిరగ్గానే వంటింట్లో చక్కెర డబ్బా వెనక డబ్బు పెడతాడు.

దాని మీద ఇంట్లో రోజూ యుద్ధమే. "ఈ వయసులో నిచ్చెనలెక్కుతారా? పడితే ఎవరు చేస్తారు?" అని ఆమె. "పడితే నువ్వే చేస్తావు, ఇంకెవరు చేస్తారు?" అని ఆయన. కానీ ఆ డబ్బే లేకపోతే ఈ మూడు నెలలూ గడిచేవి కావని ఇద్దరికీ తెలుసు.

"ఒక్క పేరు రాయడానికి ఇంతసేపా తాతా?" అంటోంది చిట్టి. "మా టీచరు ఈపాటికి క్లాసు మొత్తానికీ రాసేసేది."

"మీ టీచరు రాసిన అక్షరాలు మెట్లు దిగుతుంటాయి, చూశా. గీత లేకుండా రాస్తే అంతే మరి."

స్కేలు ఆనించి పెన్సిల్‌తో ఒక గీత గీశాడు. దాని కింద వేలి మందం దూరంలో ఇంకొకటి. వాటి మధ్య పెన్నుతో పేరు రాశాడు. సిరా ఆరేదాకా ఊదాడు. తర్వాత రబ్బరు తీసి, చంటిపిల్ల మూతి తుడిచినంత మెల్లగా, రెండు గీతలూ చెరిపాడు.

గుమ్మంలోంచి లెన్సమ్మ ఆ చెరిపిన చోటునే చూసింది.

వంటింట్లోకి వెళ్ళి సంచిలోంచి చీటీ తీసింది. నెలకు పదకొండు వేల మూడు వందల నలభై. చక్కెర డబ్బా వెనక మూడు నెలలుగా తనకు దొరుకుతున్నదీ పదకొండు వేల మూడు వందల నలభయ్యే. 'ఈ నలభై ఏంటి మామయ్యా?' అని మొదటి నెలలో అడిగింది కూడా. 'షాపువాడు నిజాయితీపరుడమ్మా, చిల్లరతో సహా లెక్కగట్టి ఇచ్చాడు' అన్నాడు. ప్రతి షాపువాడూ ప్రతి నెలా అదే నలభై ఇస్తుంటే, అద్దంలో వెంట్రుకంత గీత పడినా పట్టేసే తను, ఇది పట్టలేదు. ఇంట్లో మనిషిని ఎవరు భూతద్దం పెట్టి చూస్తారు?

పట్టుకుంది సరే. రేపు అయిదింటికి ఈ ముసలాయన్ని కౌంటరు ముందు నిలబెట్టాలి. మేడమ్ నమ్మితే ఫైలు సర్దుకుంటుంది. నమ్మకపోతే ఆ వణికే చేతులకు బేడీలు. నిలబెట్టకపోతే చిట్టి బడికి నీళ్ళొదులుకోవాలి.

ఆ పూట ఆమె ఏమీ అడగలేదు. అడిగితే ఆయన ఒప్పుకోడు, ఇంకో అబద్ధం తగిలిస్తాడు. పైగా ఒక్క సంగతి మిగిలిపోయింది. పనే లేకపోతే, రంగుల పెట్టె పట్టుకుని రోజూ ఎక్కడికి వెళ్తున్నట్టు? ఆ వేళ్ళకు రంగు ఎక్కడిది?

*

మర్నాడు పొద్దున ఆయన వెనకే ఆమె కూడా బయలుదేరింది, ముప్పై అడుగుల దూరంలో.

ఆయన టైర్ల షాపు దాటాడు. మందుల షాపు ముందు ఒక క్షణం ఆగి, తన పాత బోర్డు చూసి, దుమ్ము పట్టిందన్నట్టు తలాడించాడు. బస్టాపు వెనక చిన్న పార్కులోకి తిరిగాడు. చివరి బెంచీ మీద కూర్చుని పెట్టె పక్కన పెట్టుకున్నాడు. ఓ పేపరు తీసి మొదటి పేజీ నుంచి ఆఖరు పేజీ దాకా చదివాడు. ఓ పిల్లికి బిస్కెట్టు పెట్టాడు. లెన్సమ్మ చెట్టు చాటున నిలబడి, కాళ్ళు పీకుతున్నా కదల్లేదు.

పదకొండున్నరకు ఆయన పెట్టె తెరిచాడు. నీలం డబ్బా మూత తీసి చిటికెన వేలు ముంచాడు. బొటనవేలి మీద ఒక చుక్క. చొక్కా చెయ్యి అంచుకు ఒక చార. చెయ్యి దూరంగా పెట్టి, తల వంచి, బోర్డును చూసినట్టు చూసుకున్నాడు. ఏదో తక్కువైనట్టుంది. ఎడమ చెవి తమ్మెకు ఇంకో చుక్క అద్దుకున్నాడు.

"చెవికి కాస్త ఎక్కువైంది మామయ్యా."

ఆయన ఉలిక్కిపడ్డాడు. డబ్బా ఒరిగి రంగు బెంచీ మీదకు ఒలికింది. కోడలి ముఖం చూశాడు. అబద్ధం వెతుక్కుంటున్నప్పుడు అచ్చం కొడుక్కి కదిలినట్టే ఆయన కనుబొమ్మ కదిలింది.

"ఇవాళ... షాపువాడు ఆలస్యంగా రమ్మన్నాడు..."

"ఏ షాపువాడు? నలభై ఇచ్చే షాపువాడా?"

కనుబొమ్మ ఆగిపోయింది.

"ఎప్పుడు తెలిసింది?"

"నిన్న సాయంత్రం. చిట్టి పుస్తకం మీద." ఆమె పక్కన కూర్చుని చీర చెంగు తడిపి ఆయన చెవి తుడవసాగింది. "జైల్లో పెడతారట, తెలుసా?"

"తెలుసు. జైల్లో బోర్డులు ఉండవామ్మా? అక్కడా రాయొచ్చు."

"నోర్ముయ్యండి." అనేశాక నాలుక కరుచుకుంది. పదకొండేళ్ళలో మామగారిని ఆ మాట అనడం అదే మొదలు. ఆయన మాత్రం బహుమతి అందినట్టు నవ్వాడు.

"పదండి. అయిదింటిదాకా ఉంటానంది ఆవిడ."

"నన్నప్పగిస్తావా?"

"నేనూ వస్తున్నాగా," అంది లెన్సమ్మ, రంగుల పెట్టె తను అందుకుంటూ. "రోజూ ఈ బరువు మోసుకొచ్చి పిల్లిని మేపుతున్నారా!"

*

మేడమ్ మొదట ఆయన్ని చూసింది, తర్వాత ఆయన చేతులు చూసింది, ఆ తర్వాత ఫైలు తెరిచింది. లెన్సమ్మ నలభై సంగతితో సహా అన్నీ చెప్పింది. డబ్బు ప్రతి నెలా తన వంటింటికే చేరిందని రాసిచ్చింది.

మేడమ్ దరఖాస్తును వెనక్కి తిప్పి ఆయన ముందు పెట్టింది.

"ఇది చదవండి పెద్దాయనా."

'భార్య లేక భర్త స్వయంగా రాలేని స్థితిలో ఉంటే, వారి తరఫున దరఖాస్తు చేస్తున్న కుటుంబ సభ్యుని పేరు, సంతకం.' దాని కింద గడి ఖాళీగా ఉంది.

"ఇక్కడ మీ పేరు రాసి, మీ సంతకం మీరు పెడితే సరిపోయేది. ఏ తప్పూ ఉండేది కాదు. పింఛను ఇలాగే వచ్చేది. వెనకవైపు చూడలేదా?"

మామయ్య ఆ గడి మీద వేలు పెట్టి చూశాడు.

"బోర్డుకి వెనకవైపు ఎవరు చూస్తారమ్మా?" అన్నాడు.

మేడమ్ నవ్వాపుకోలేక కళ్ళజోడు తీసి తుడుచుకుంది. పై అధికారి గదిలోకి వెళ్ళి, పావుగంట తర్వాత రెండు కాగితాలతో బయటికి వచ్చింది. "మందలింపు తప్పదన్నారు. అది నేను చేసేశాననుకోండి. ఇది సవరణ ఫారం, భార్యే స్వయంగా నింపాలి. అది వాంగ్మూలం."

సవరణ ఫారంలో మొదటి గడి అదే. మరణించినవారి పేరు.

లెన్సమ్మ పెన్ను పట్టుకుంది. పెన్ను నిండా సిరా ఉంది. ఇక్కడ పొంగే పాలూ లేవు. వెళ్ళి పడుకోవడానికి పరుపూ లేదు. గడియారంలో మూడున్నర. చెయ్యి మాత్రం కదలలేదు.

మామయ్య రంగుల పెట్టెలోంచి పెన్సిలూ స్కేలూ తీశాడు. కోడలి ముందున్న గడిలో పైన ఒక గీత, కింద ఒక గీత గీశాడు. ఆయన చెయ్యి వణికింది కానీ స్కేలు వణకలేదు.

"మధ్యలో రాయమ్మా. మెట్లు దిగవు."

ఆమె రాసింది. ఒక్కో అక్షరమే, ఊపిరి బిగబట్టి. చివరి అక్షరం పూర్తి చేసి పెన్ను మూత పెట్టింది. గీతలు చెరపబోయిన ఆయన చేతిని పట్టుకుని ఆపింది.

"ఉండనివ్వండి."

మేడమ్ రెండో కాగితం సర్దుకుంది. "ఇక మీరు చెప్పండి పెద్దాయనా. జరిగింది జరిగినట్టు, మీ మాటల్లోనే. రాసుకుంటాను."

మామయ్య కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"రాసుకోండమ్మా. ఆ సంతకం పెట్టింది నేనే. నా కోడలికేమీ తెలీదు. ఆ ఫారం మూడుసార్లు దాని ముందు పెట్టాను. మూడోసారి అది ఫారాన్ని పరుపు కింద దాచి పడుకుంది. రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మళ్ళీ పెట్టడానికి నాకు మనసొప్పలేదు. యాభై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ పేర్లన్నీ రాశాను, ఎందరి పేర్ల ముందో 'కీర్తిశేషులు' అని కూడా రాసి కూలి పుచ్చుకున్నాను. ఈ ఒక్క పేరూ నేను రాసేస్తే పిల్లకు ఆ బాధ తప్పుతుంది కదా అనుకున్నాను. పేరు రాశాను. వాడు పుట్టినప్పుడు ఉయ్యాల మీద రాసిందీ నేనే, అదే చెయ్యి. అది అయ్యేసరికి చెయ్యి నిలవలేదు. అందుకే సంతకానికి గీతలు కొట్టుకోవాల్సి వచ్చింది. లేకపోతే ఎంతటివాడికీ దొరికేవాణ్ణి కాదు, అది కూడా రాసుకోండి.

డబ్బు పోస్టుమాన్ దగ్గర నేనే తీసుకున్నాను. పింఛనని చెబితే నెలనెలా ఒకటో తారీఖున ఇంట్లో వాడు మళ్ళీ పోయినట్టుండేది. కూలి అంటే ఆ బాధ లేదు. నిచ్చెనలెక్కుతున్నానని నా మీద కోప్పడేది. కోప్పడ్డ రోజు రెండు ముద్దలు ఎక్కువే తినేది, నేను చూశాను. అందుకని రంగు పూసుకుని ఇంటికెళ్ళేవాణ్ణి.

ఇంకొకటుంది. అది దీనికీ తెలీదు. ఒకసారి ఇచ్చే ఆ పెద్ద సాయం ఉందే, అది మాత్రం ఇవ్వలేకపోయాను. అంత కూలి ఏ బోర్డుకిస్తారమ్మా? నాలుగు నెలలుగా ఆలోచిస్తున్నాను, దానికి సరిపడా అబద్ధం దొరకలేదు. ఒక్క నోటు కూడా ముట్టుకోలేదు. అటక మీద తెల్లరంగు డబ్బాలో ఉంది. రంగున్నది కాదు, కడిగి ఆరబెట్టిన డబ్బాలోనే పెట్టాను."